దేశాధినేతలు తగాదా పడితే అడవి ఎవరిదవుతుంది? – బ్రెజిల్ ఆదివాసుల నుంచి మనకొక పాఠం



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పోరాటానికి తోడు నిలబడుతున్న మిత్రులారా! ఆగస్టు 9 వచ్చిందంటే ర్యాలీ తీస్తాం, థింసా ఆడతాం, కొమ్ములు కట్టుకుని డోలు కొడతాం, మన హక్కుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నేను బ్రెజిల్ గురించి మాట్లాడతాను. మన పోడు పట్టాలే ఇంకా తేలలేదు, ఎక్కడో ఉన్న బ్రెజిల్ గొడవ మనకెందుకని మీలో ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. కొంచెం ఓపిగ్గా వినండి. రాయగడ జిల్లా కొండలూ, పాడేరు కాఫీ తోటలూ కూడా ఈ కథలోకే వస్తాయి.

బ్రెజిల్‌లో 2022 జనాభా లెక్కల ప్రకారం ఆదివాసులు సుమారు 17 లక్షల మంది. 300కు పైగా తెగలు. జనాభాలో ఒక్క శాతం కూడా లేరు. కానీ ఆదివాసీ భూములు దేశ విస్తీర్ణంలో దాదాపు 13 శాతం. ఈ భూమి ఊరికే రాలేదు. 1988లో రాసుకున్న రాజ్యాంగంలో 231వ అధికరణం ఆదివాసులకు వాళ్ల సంప్రదాయ భూముల మీద హక్కును గుర్తించింది. ప్రభుత్వం వచ్చి సర్వే చేసి, హద్దులు వేసి, ప్రకటించాలి. ఆ హద్దులు వేసే పనిని అక్కడ డిమార్కేషన్ అంటారు. ఆ పని జరిగితేనే కబ్జాదారును బయటికి పంపే బలం ఉంటుంది. మనకు పట్టా ఎట్లాగో, వాళ్లకు డిమార్కేషన్ అట్లాగ.

2019 జనవరి 1న జైర్ బోల్సోనారో ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఎన్నికల ప్రచారంలోనే చెప్పాడు, ఆదివాసులకు ఇంకో సెంటీమీటరు భూమి కూడా హద్దులు వేసి ఇవ్వనని. పదవిలోకి వచ్చిన తొలిరోజే, హద్దులు వేసే అధికారాన్ని ఫునాయ్ అనే ఆదివాసీ వ్యవహారాల సంస్థ నుంచి తీసి వ్యవసాయ శాఖకు ఇచ్చాడు. ఆ శాఖలో ఎవరి మాట చెల్లుతుంది? వేల ఎకరాల పశువుల క్షేత్రాలు, సోయా పొలాలు ఉన్నవాళ్లది. మన దగ్గరయితే పోడు భూముల సర్వేను గిరిజన సంక్షేమ శాఖ నుంచి లాక్కుని, వలస భూస్వాముల సంఘానికి అప్పగించినట్టన్నమాట.

ఇందులోకి వాతావరణ మార్పు ఎలా వచ్చింది? అమెజాన్ అడవి గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచుతుంది. నరికి కాల్చితే అదంతా మళ్లీ గాలిలోకి పోతుంది. 2004లో ఒక్క ఏడాదిలోనే బ్రెజిల్ అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. ఆ తర్వాత ఉపగ్రహాలతో నిఘా పెట్టి, అటవీ తనిఖీలు పెంచి, కొత్తగా రక్షిత ప్రాంతాలూ ఆదివాసీ భూములూ ప్రకటించారు. 2012 నాటికి నరికివేత 4,600 చదరపు కిలోమీటర్ల లోపుకి దిగింది. ఈ పనికి సాయంగా 2008లో అమెజాన్ ఫండ్ పెట్టారు. అందులో వచ్చిన డబ్బులో 90 శాతానికి పైగా నార్వేదే, సుమారు 120 కోట్ల డాలర్లు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జర్మనీది. అడవి నరికివేత తగ్గితే డబ్బు వస్తుంది, అదీ ఒప్పందం.

బోల్సోనారో దీన్నంతా తలకిందులు చేశాడు. ఆయన గెలిచిన కొద్ది వారాలకే, 2019 వాతావరణ సదస్సును తమ దేశంలో జరుపుతామన్న మాటను బ్రెజిల్ వెనక్కి తీసుకుంది. ఆయన విదేశాంగ మంత్రి వాతావరణ మార్పు అనేది మార్క్సిస్టుల కుట్ర అని రాసుకున్న మనిషి. అడవి నరికివేత పెరుగుతోందని అంతరిక్ష పరిశోధన సంస్థ లెక్కలు చూపిస్తే, ఆ లెక్కలు అబద్ధమని దాని డైరెక్టర్‌నే 2019 ఆగస్టులో తీసేశారు. జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటరు విరగ్గొట్టినట్టు.

అప్పుడు మొదలైంది మిత్రదేశాలతో తగాదా. బ్రెజిల్‌కు యూరప్ శత్రువేం కాదు. పాత వ్యాపార బంధం. 2019 జూన్‌లోనే యూరోపియన్ యూనియన్‌కూ, బ్రెజిల్ ఉన్న మెర్కోసుర్ కూటమికీ మధ్య 20 ఏళ్ల చర్చల తర్వాత వాణిజ్య ఒప్పందం కుదిరింది. నెల తిరక్కముందే వ్యవహారం చెడింది. జూలై చివర్లో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి కలవడానికి వస్తే, బోల్సోనారో ఆ సమావేశం రద్దు చేసి, అదే సమయంలో క్షవరం చేయించుకుంటూ ఫేస్‌బుక్ లైవ్‌లో కనిపించాడు. ఆగస్టులో జర్మనీ 3.5 కోట్ల యూరోల ప్రాజెక్టు డబ్బు ఆపింది. ఆ డబ్బుతో మీ జర్మనీలోనే చెట్లు పెంచుకోమని ఆయన మెర్కెల్‌కు చెప్పాడు. నార్వే కూడా సుమారు 3.3 కోట్ల డాలర్లు ఆపేసింది. తిమింగలాలను చంపే దేశం మాకు చెప్పేదేంటని ఒక వీడియో పెట్టాడు. తీరా చూస్తే ఆ వీడియో నార్వేది కాదు, డెన్మార్క్ కింద ఉన్న ఫారో దీవులది.

ఆ ఆగస్టులోనే అమెజాన్ మంటలు ప్రపంచమంతా చూసింది. ఆగస్టు 19న సావో పాలో నగరంలో మధ్యాహ్నమే చీకటి పడింది. మన ఇల్లు తగలబడుతోందని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ట్వీట్ పెట్టాడు. ఆయన పెట్టిన ఫొటో కూడా అప్పటిది కాదు, ఆ ఫొటో తీసిన ఆయన 2003లోనే చనిపోయాడు. బియారిట్జ్‌లో జీ-7 దేశాలు కూర్చుని 2 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. వాతావరణం విషయంలో బోల్సోనారో తనకు అబద్ధం చెప్పాడని, ఇక వాణిజ్య ఒప్పందాన్ని ఒప్పుకోనని మాక్రాన్ అన్నాడు. ముందు ఆ అవమానం వెనక్కి తీసుకో, తర్వాత డబ్బు సంగతి మాట్లాడదామన్నాడు బోల్సోనారో. చివరికి మాక్రాన్ భార్య వయసు మీద జోకుల దాకా దిగింది వ్యవహారం.

ఈ తగాదాలో రెండు మాటలు వినపడ్డాయి. అమెజాన్ మా దేశానిది, మీకేంటి సంబంధం అని బోల్సోనారో. అమెజాన్ ప్రపంచం మొత్తానిది అని యూరప్. 2019 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద కూడా ఆయన ఇదే వాదన చేశాడు. అదే ప్రసంగంలో కయాపో పెద్దాయన రావోనీని పేరు పెట్టి తీసిపారేశాడు.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. దేశానిదా, ప్రపంచానిదా అన్న ఈ వాదనలో అడవిలో ఉన్నవాళ్లు ఎక్కడున్నారు? మంటలు అంటుకున్నది ఎవరి ఇంటికి?

సార్వభౌమత్వం అనే మాట చాలా పెద్దది. వలస పాలనలో నలిగిన దేశాల్లో ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. యూరప్ పెత్తనం మీద బోల్సోనారో అన్నదాంట్లో కొంత నిజం ఉంది కూడా. కానీ ఆయన చేతలు చూడండి. అమెజాన్‌ను అమెరికాతో కలిసి వాడుకుందామని ట్రంప్‌తో తానే ప్రతిపాదించానని 2019 ఏప్రిల్‌లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 2020 ఫిబ్రవరిలో ఆదివాసీ భూముల్లో గనులు, ఆనకట్టలు అనుమతించే బిల్లు పెట్టాడు. అంటే విదేశీయుడు వచ్చి అడవి తవ్వుకుంటే సార్వభౌమత్వానికేం కాదు, తవ్వొద్దంటేనే భంగం వస్తుంది! ఈ మాట మనకు కొత్తా? గని వద్దని ఏ గూడెం లేచినా, వెనక విదేశీ శక్తులున్నాయనే మాట మన దగ్గరా వస్తుంది. కొండ అమ్మడానికి విదేశీ కంపెనీతో సంతకం పెట్టినవాళ్లను మాత్రం ఆ మాట ఎవరూ అనరు. అమెజాన్ మంటలు పెట్టింది స్వచ్ఛంద సంస్థలేమోనని బోల్సోనారో కూడా ఏ ఆధారమూ లేకుండా అన్నాడు.

ఇంకో సంగతి. 2020 జనవరి 26న ఢిల్లీలో గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి ఈ బోల్సోనారోనే. ఇక్కడికి రావడానికి ముందే, ఆ వారంలోనే తన ఫేస్‌బుక్ లైవ్‌లో, ఆదివాసులు మారుతున్నారు, రోజురోజుకీ మనలాంటి మనుషులవుతున్నారు అనే అర్థంలో మాట్లాడాడు. యూరప్‌తో చెడిన మనిషిని మన దేశం పిలిచి పెద్దపీట వేసింది. దేశాల స్నేహాలూ తగాదాలూ ఆదివాసుల కోసం నడవవని అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

మరి అటువైపు? అడవి కోసం డబ్బు ఆపిన నార్వే మన పక్షమేనా? నార్వే ఇచ్చిన డబ్బు మంచి పనులు చేసింది, దాన్ని కాదనను. కానీ అదే నార్వే సముద్రం అడుగు నుంచి చమురూ గ్యాసూ తీసి అమ్ముకునే దేశం. నార్స్క్ హైడ్రో అనే అల్యూమినియం కంపెనీలో మూడో వంతు వాటా నార్వే ప్రభుత్వానిది. ఆ కంపెనీకి బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో బాక్సైట్ గని ఉంది, బార్కరేనాలో పెద్ద శుద్ధి కర్మాగారం ఉంది. 2018 ఫిబ్రవరిలో భారీ వర్షాలకు కాలుష్యం జరిగిందని చుట్టుపక్కల జనం గొడవ చేశారు. ఎర్రమట్టి చెరువు పొంగలేదని కంపెనీ వాదించింది. కానీ అనుమతి లేని దారుల్లో శుద్ధి చేయని నీళ్లు వదిలినట్టు తర్వాత ఒప్పుకుంది. ఉత్పత్తి సగానికి తగ్గించాలని అధికారులు ఆదేశించారు.

ఈ కంపెనీ పేరు మన పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండాలి. పార్వతీపురం దాటి ఒడిశాలోకి వెళ్తే రాయగడ జిల్లా, కాశీపూర్. అక్కడ ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టులో ఇదే నార్వే కంపెనీ భాగస్వామి. 2000 డిసెంబర్ 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. నార్వేలోనూ విమర్శలు వచ్చాయి. 2001లో కంపెనీ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. తప్పుకుంటే కొండ మిగిలిందా? మిగల్లేదు. యాజమాన్యం మారింది, ఫ్యాక్టరీ పూర్తయింది, బాఫ్లిమాలి కొండ మీద ఇప్పుడు బాక్సైట్ తవ్వకం నడుస్తోంది.

ఇదే రాయగడ వైపు, కలహండి హద్దులో ఇంకో కొండ ఉంది. నియమగిరి. అక్కడికి వచ్చింది వేదాంత. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ వేదాంతలోని తన పెట్టుబడిని వెనక్కి తీసుకుంది. అది డోంగ్రియా కోంధులకు ఉపయోగపడిన మాట నిజం, వాళ్ల గొంతు బయటి ప్రపంచానికి వినపడింది. కానీ తవ్వకం ఆగింది దానితో కాదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలను అడగమంది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

రెండు కొండల నుంచీ నార్వే డబ్బు వెళ్లిపోయింది. ఒక కొండ తవ్వకానికి పోయింది, ఒక కొండ నిలబడింది. కాశీపూర్ వాళ్లలో పోరాటం తక్కువై కాదు, వాళ్లు ప్రాణాలే ఇచ్చారు. అప్పటికి 2006 చట్టం లేదు. గ్రామసభ వద్దంటే ఆగాలని కోర్టు చేత చెప్పించగలిగిన కాగితం వాళ్ల చేతిలో లేదు. నియమగిరి నాటికి ఉంది. నా ఉద్దేశంలో మనం పట్టుకోవాల్సిన తేడా ఇదే. బయటి దేశం ఒత్తిడి గాలిలాంటిది. గాలి వీస్తే తూర్పారబట్టుకోవచ్చు. కానీ కళ్లంలో ధాన్యం మనదై ఉండాలి.

బ్రెజిల్‌లోనూ ఇదే జరిగింది. మిత్రదేశాలు డబ్బు ఆపితే నరికివేత ఆగిందా? ఆగలేదు. 2019లో 10 వేల చదరపు కిలోమీటర్లు, 2021లో 13 వేలకు పైగా. పైగా ఫండ్ మూతపడటంతో కొత్త ప్రాజెక్టులకు దారి మూసుకుపోయింది, అందులో ఆదివాసీ సంఘాలకు రావాల్సినవీ ఉన్నాయి. యానోమామి భూమిలోకి సుమారు 20 వేల మంది బంగారం తవ్వేవాళ్లు చొరబడ్డారని అంచనా. నదుల్లో పాదరసం, ఊళ్లలో మలేరియా, పిల్లలకు తిండి లేదు. 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

తగాదా పడిన దేశాలు మళ్లీ బేరానికి కూర్చుంటాయి కూడా. 2020 ఎన్నికల చర్చలో అమెజాన్ నరకడం ఆపకపోతే ఆర్థికంగా ఫలితం అనుభవిస్తారని బైడెన్ అన్నాడు. మాటలు అయిపోతే తుపాకి మందు ఉండాలని బోల్సోనారో జవాబిచ్చాడు. అదే బైడెన్ గెలిచాక, 2021 ఏప్రిల్‌లో, బ్రెజిల్ పర్యావరణ మంత్రి అమెరికా వాళ్లనూ ఇతరులనూ 100 కోట్ల డాలర్లు అడిగాడు. ఇస్తే నరికివేత 30, 40 శాతం తగ్గిస్తానన్నాడు. అప్పుడు ఆదివాసీ సంఘాలతో కలిపి 200 దాకా సంస్థలు బైడెన్‌కు ఉత్తరం రాశాయి. మమ్మల్ని పక్కనపెట్టి తలుపులు మూసుకుని ఈ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవద్దని. ఆ 100 కోట్లు రాలేదు. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన ఘట్టం ఇది. కోపంగా ఉన్న మిత్రదేశాన్ని చూసి వాళ్లు చప్పట్లు కొట్టి ఊరుకోలేదు, దాని మీద కూడా ఒక కన్నేసి ఉంచారు.

వాళ్లు చేసిన మిగతా పనులు కూడా చూడండి. దేశంలోని ఆదివాసీ సంఘాలన్నీ కలిసి 2005లో అపిబ్ అనే ఉమ్మడి వేదిక పెట్టుకున్నాయి. ఏటా ఏప్రిల్‌లో రాజధాని బ్రసీలియాలో డేరాలు వేసి కూర్చుంటారు. తొలిరోజు ఉత్తర్వును పార్లమెంటు చేత వెనక్కి తిప్పించారు. ఆయన మళ్లీ అదే ఉత్తర్వు తెస్తే 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆపింది. ఆ శరదృతువులో సోనియా గ్వాజజారాతో పాటు నాయకులు యూరప్ దేశాలు తిరిగి, మీరు కొనే సోయా, మాంసం ఎక్కడిదో చూసుకోండని అక్కడి పార్లమెంటు సభ్యులకూ కంపెనీలకూ చెప్పారు. కరోనా సమయంలో అపిబ్ వేసిన కేసులో, ఆదివాసులను కాపాడే ప్రణాళిక వేయాలని 2020 జూలైలో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2021లో సరిగ్గా ఆగస్టు 9న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో బోల్సోనారో మీద ఫిర్యాదు ఇచ్చారు. 1988 అక్టోబర్ 5 నాటికి ఆ భూమి మీద ఉన్నవాళ్లకే హక్కు అనే వాదనను 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 9–2తో కొట్టేసింది. ఆ తేదీకి ముందే తుపాకులతో తరిమేసిన వాళ్ల సంగతేంటని అడిగి గెలిచారు. మనకు 2005 డిసెంబర్ 13 అనే తేదీ ఎంత ముఖ్యమో తెలిసిన మీకు, ఈ పోరాటం వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పార్లమెంటు మళ్లీ అదే వాదనతో చట్టం చేసింది. అంటే గెలిచిన చోట కూడా కాపలా తప్పదు.

2023 జనవరిలో లూలా వచ్చాడు. అమెజాన్ ఫండ్ తెరుచుకుంది, మిత్రదేశాలు చేతులు కలిపాయి. ఆదివాసీ ప్రజల మంత్రిత్వ శాఖ కొత్తగా పెట్టి సోనియా గ్వాజజారాను మంత్రిని చేశారు. నరికివేత బాగా తగ్గింది. ఇదంతా మంచిదే. కానీ 2025 అక్టోబర్‌లో, బెలెంలో వాతావరణ సదస్సు ఇంకొన్ని వారాలుందనగా, అమెజాన్ నది ముఖద్వారం దగ్గర సముద్రంలో చమురు అన్వేషణకు అనుమతి వచ్చింది. సదస్సు గేటు ముందు ముండురుకు ప్రజలు అడ్డంగా కూర్చోవాల్సి వచ్చింది. మంచి పాలకుడు వచ్చాడని ఇంటికి వెళ్లి పడుకోలేమని వాళ్లకు తెలుసు.

ఇక మన దగ్గరికి వద్దాం. అమెజాన్ గొడవలోంచి యూరప్‌కు పట్టుకున్న ఆలోచనల్లో ఒకటి, అడవి నరికి పండించిన సరుకు కొనకూడదని. 2023లో చట్టం చేసింది. అమలు ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది గానీ చట్టం ఉంది. సోయా, పశుమాంసం, కోకో, పామాయిల్, రబ్బరు, కలప, వీటితో పాటు కాఫీ. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద మన అమ్మానాన్నలు మిరియం పాదులతో కలిపి పెంచే కాఫీ కూడా. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన భూమిలో పండింది కాకూడదు, తోట ఎక్కడుందో ఉపగ్రహ గుర్తులతో చూపించాలి, ఆ దేశ చట్టాల ప్రకారం పండించింది అయ్యుండాలి. వినడానికి బాగుంది. కానీ పట్టా లేని రైతు తన తోటను చట్టబద్ధమని ఎలా చూపిస్తాడు? పట్టాలో హద్దులు తప్పుగా పడితే? పారిస్‌కూ బ్రసీలియాకూ మధ్య మొదలైన తగాదా, అడవిని కాపాడుతున్న మన గూడెం రైతు గింజ దగ్గరికి వచ్చి నీ కాగితం ఏదని అడుగుతోంది.

అందుకే మీకు నా మాట. వ్యక్తిగత పోడు పట్టాతో ఆగిపోవద్దు. మీ గూడెం వాడుకునే అడవి మొత్తానికి సామాజిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ తీర్మానంతో దరఖాస్తు పెట్టండి. గ్రామసభ తీర్మానాల పుస్తకం మీ దగ్గర ఉంచుకోండి, సంతకాలతో, తేదీలతో. నియమగిరిని కాపాడింది అలాంటి తీర్మానాలే. పట్టాలో హద్దులు, మీ తోట హద్దులు ఒకటేనో కాదో ఫోన్‌లో కొలిచి చూడండి, చదువుకున్న పిల్లలకు అది గంట పని. కార్బన్ క్రెడిట్ అనో, హరిత ప్రాజెక్టు అనో ఎవరు కాగితం తెచ్చినా, మన భాషలో, కోయలోనో కువిలోనో గోండిలోనో, పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చదివి చెప్పకుండా వేలిముద్ర పడనివ్వకండి.

బయటి దేశాల గొంతు మనకు కలిసొస్తే వాడుకుందాం, సిగ్గుపడాల్సిన పని లేదు. బ్రెజిల్ ఆదివాసులు వాడుకున్నారు. 2021లో గ్లాస్గో సదస్సు ప్రారంభ వేదిక మీద 24 ఏళ్ల త్చాయ్ సురుయి మాట్లాడింది. సదస్సుకే రాని బోల్సోనారో ఇంటి దగ్గర కూర్చుని, దేశం మీద దాడి చేయడానికి ఆ అమ్మాయిని తీసుకెళ్లారని విసుక్కున్నాడు. ఆమె ఎవరి తరఫునా వెళ్లలేదు. తన సురుయి ప్రజల తరఫున వెళ్లింది, వాళ్ల భూమికి హద్దులు వేసి ఉన్నాయి, వెనక సంఘం ఉంది. ఆ బలంతోనే ఆ మాట నిలబడింది.

రేపు మన దేశానికీ ఇంకో దేశానికీ అడవి మీదో, బొగ్గు మీదో, బాక్సైట్ మీదో మాట తేడా రావచ్చు. టీవీలో పెద్ద పెద్ద మాటలు వినపడతాయి. అప్పుడు ఎవరి పక్షమని మిమ్మల్ని అడుగుతారు. ముందు మా గ్రామసభ ఏమందో అడిగారా అని మీరు తిరిగి అడగండి.

జల్, జంగల్, జమీన్ మనవి.